నాయన కత్తి

బ్యాంకులో పనిచేసేవాడికి పదునైన వస్తువులతో సంబంధం తక్కువ. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో నా చేతికి వచ్చిన ఆయుధాలు రెండే: ఓచర్లు కుట్టే దబ్బనం, కవర్లు చింపే మొండి చాకు. వాటితో కూడా వేళ్ళు పొడుచుకున్న ఘనత నాది. అలాంటి నేను రెండేళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున పెరట్లో గోనెపట్టా పరుచుకుని, ఎదురుగా ఇటుక మీద ఫోను నిలబెట్టుకుని, అందులో ఎవరో చెబుతున్నట్టుగా కత్తులు నూరుతున్నానంటే మా బ్రాంచి కుర్రాళ్ళు నవ్వుతారు. "సార్ ఎవరి మీద నూరుతున్నారో, రీజనల్ ఆఫీసు మీద కాదు గదా?" అంటారు. నేనూ నవ్వి ఊరుకుంటాను. అసలు సంగతి వాళ్ళకు చెప్పలేదు. మీకు చెబుతాను.

మా కె.జి.ఎఫ్.లో, రాబర్ట్‌సన్‌పేట సందుల్లో, సానపట్టే ఒకాయన వస్తుండేవాడు. సైకిలును స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రానికి బెల్టు తగిలించి, సీటు ముందర బిగించిన రాతిచక్రాన్ని పెడలుతో తిప్పేవాడు. నిప్పురవ్వలు చూడటానికి వీధిలో పిల్లలంతా మూగేవారు. తమిళం, కన్నడం, తెలుగు మూడూ కలిపి కేకవేసేవాడు. ఏ భాషవాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో అతనికి తెలిసినంత జనాభా లెక్కల వాళ్ళకు కూడా తెలియదు. 2020 మార్చిలో వీధులు మూతపడ్డాయి. తెరుచుకున్న తరువాత పూలమ్మే ఆమె వచ్చింది, ఉప్పు బండి వచ్చింది, అతను మాత్రం రాలేదు. ఏమయ్యాడో అడుగుదామంటే అతని పేరు కూడా మేమెవరం ఎన్నడూ అడిగి ఉండలేదు.

ఇంట్లో కత్తులు ఒకటొకటిగా మొక్కబోయాయి. నా భార్య పింగాణీ కప్పు అడుగున రుద్దుకునేది. మా అమ్మ బట్టలుతికే బండకు నూరేది. టమోటా కోస్తే ముక్కలు రావు, రసం వచ్చేది. ఆసియాలోనే పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటని పేరుపొందిన కోలారు మార్కెట్టు ఉన్న జిల్లాలో ఉంటూ టమోటా కోయలేకపోవడం నామర్దా కాదా? అయినా అలాగే నెట్టుకొచ్చాం. 2023 మే నెలలో శ్రీనివాసపురం నుంచి ఆవకాయకని కాయలు వచ్చేవరకూ నెట్టుకొచ్చాం.

ఆవకాయ కాయలు కొట్టడానికి మా ఇంట్లో వేరే కత్తి ఉంది. మా నాయన చేసింది. 1974లో, నాకు ఆరేళ్ళప్పుడు, సెలవు పెట్టి పలమనేరు దగ్గర మా ఊరికి పోయినప్పుడు, ఊరి కొలిమిలో కూర్చుని లారీ కమాను కట్ట ముక్కను సాగగొట్టి చేశాడు. పిడి చింతకొయ్యది. ఎర్రగా కాలిన ఇనుమును తొట్టిలో ముంచినప్పుడు వచ్చిన చప్పుడు నాకింకా చెవిలో ఉంది. ఆ తరువాత దాన్ని మళ్ళీ నిప్పు దగ్గర సన్నగా వెచ్చచేస్తూ, రంగు కోసం చూస్తూ ఉండిపోయాడు. ఎండుగడ్డి రంగు వచ్చీరాగానే తీసేశాడు. ఉక్కును ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడుతుంది గాని గాజులాగ పెళుసవుతుంది. రెండోసారి కొంచెం వెచ్చచేస్తే పెళుసుదనం తగ్గి గట్టిదనం నిలుస్తుంది. గడ్డి రంగు వచ్చేసరికి వేడి సుమారు 220 డిగ్రీలు. ఇంకా కాగితే గోధుమ, ఊదా, చివరికి నీలం. నీలం వచ్చిందంటే 300 డిగ్రీలకు చేరినట్టు. అంచు మెత్తబడిపోయినట్టు.

ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. ఆ మే నెలలో తెలియదు.

ఫోనులో ఒక వీడియో చూశాను. ఎవరో విదేశీయుడు, కారు షెడ్డులాంటి చోట నిలబడి, కరెంటు మీద తిరిగే రాతిచక్రానికి కత్తి ఆనించి నిమిషంలో పదును పెట్టేశాడు. ముంజేతి మీద రోమాలు గొరిగి చూపించాడు. నేనూ ఒక చిన్న గ్రైండరు తెప్పించాను. శనివారం సాయంత్రం, అమ్మ గుడికి పోయినప్పుడు, నాయన కత్తిని దానికి ఆనించాను. రవ్వలు బ్రహ్మాండంగా లేచాయి. సైకిలాయన చక్రం దగ్గర నిలబడ్డ చిన్నపిల్లవాడినైపోయాను. తీసి చూస్తే వాదర పొడుగునా, ఒక చివర నుంచి మరో చివరకి, నెమలి మెడలాగ నీలం.

అందంగానే ఉందనుకున్నాను. ఆ తెలివి తక్కువతనం దాచుకోవడం ఎందుకు? తీసుకుపోయి నాయనకు చూపించాను.

మా నాయనకు 2022లో పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. అన్నీ అర్థమవుతాయి. చెప్పడానికి మాత్రం లేదు. వరండాలో నవారు మంచం మీద గోడకానుకుని కూర్చుంటాడు. కత్తిని ఎడమచేత్తో తీసుకున్నాడు. వెలుతురుకు పెట్టి చూశాడు. నన్ను చూశాడు. కత్తిని తిరిగి ఇవ్వలేదు. తన తొడకింద పెట్టుకుని మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. అమ్మ వచ్చి సంగతి తెలుసుకుని, "యాభై ఏండ్లు కాపాడిన కత్తిరా అది. ఒక పూటలో కాల్చేస్తివి గదరా నాయనా" అన్నది. ఆ ఏడు ఆవకాయ కాయలు మార్కెట్లో కొట్టించుకుని తెచ్చాం.

నాయన బాధ సరిగ్గా అర్థం కావాలంటే ఆయన ఏం పనిచేశాడో చెప్పాలి. ఆయన గనిలో పదును పెట్టేవాడు. బంగారు గని అనగానే అందరికీ లోపలికి దిగేవాళ్ళే గుర్తొస్తారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టిన దగ్గర్నుంచి 2001 ఫిబ్రవరి 28న మూతపడేదాకా, సుమారు 800 టన్నుల బంగారం తీసిన గనులవి. ఛాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్లు దాటి లోపలికి పోయారు. అయితే రాతిని తవ్వాలంటే ముందు రంధ్రం తొలవాలి, అందులో మందు కూరి పేల్చాలి. తొలిచే ఉక్కు కడ్డీ మొన ఆ స్ఫటికపు రాతిలో ఎంతోసేపు నిలవదు. మొక్కబోయిన కడ్డీలు కట్టలు కట్టలుగా పైకి వస్తాయి, పదును పెట్టినవి కట్టలుగా కిందికి పోతాయి. మా తాత కింద తొలిచేవాడు. మా నాయన 1960లో చేరి 1997లో రిటైరయ్యేదాకా పైన షాపులో ఆ కడ్డీలకు పదును పెట్టాడు. మొదట్లో కొలిమి, సుత్తి. తరువాత టంగ్‌స్టన్ కార్బైడు మొనలు వచ్చాయి, వాటిని పచ్చరంగు రాతిచక్రం మీద నూరాలి. ఆయన మూడు తరాల ఉక్కుకు పదును పెట్టాడు. కన్నకొడుకు ఒక వంటింటి కత్తిని కాల్చేశాడు.

ఎందుకు నేర్పలేదని మీరడగవచ్చు. నేర్పకూడదని నేర్పలేదు. 1982లో, తొమ్మిదో తరగతిలో, క్యారియరు తీసుకుని షాపు గేటు దాకా పోయేవాడిని. ఒకరోజు బతిమాలితే ఇంట్లో సుత్తి పట్టుకోనిచ్చాడు. రెండు దెబ్బలు వేశానో లేదో లాక్కున్నాడు. "ఈ చెయ్యి పెన్ను పట్టాల. నువ్వీ పక్కకి రావద్దు" అన్నాడు. రాలేదు. బి.కాం. చదివాను, 1992లో బ్యాంకులో చేరాను. నా మొదటి జీతంతో ఆయనకు వాచీ కొనిచ్చాను. గని మూతపడ్డాక మా ఈడువాళ్ళు, వాళ్ళ పిల్లలు, తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయి రాత్రి తిరిగివస్తుంటే, నేను ఇంటికి దగ్గర బ్రాంచీల్లో కుర్చీలో కూర్చున్నాను. ఆయన అనుకున్నది జరిగింది. దానికి మూల్యంగా ఆయన పని ఆయనతోనే నిలిచిపోయింది. ఆ లెక్కలో నేను లాభపడ్డానో నష్టపడ్డానో కామర్స్ చదివిన బుర్రకు ఇప్పటికీ తేలడం లేదు.

జూన్ నెల మొదటి ఆదివారం నాయన నిద్రపోతుండగా తొడకింది కత్తి మెల్లగా తీసుకున్నాను. నిద్రపోతున్నాడనే అనుకున్నాను. గ్రైండరు ఎవరికో ఇచ్చేశాను. మార్కెట్లో ఇనుప సామాన్ల కొట్లో రెండు వైపులా వేరువేరు గరుకు ఉన్న కార్బోరండం రాయి కొన్నాను.

ఈ రాయిది కూడా ఒక కథే. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ అనే ఆయన బంకమట్టినీ బొగ్గునూ కలిపి విద్యుత్తుతో కాలుస్తుంటే కడ్డీకి మెరిసే గింజలు అంటుకున్నాయి. బొగ్గులో ఉండే కార్బనూ, కురువిందమూ కలిసి ఏర్పడిందనుకుని ఆ రెండు పేర్లూ కలిపి కార్బోరండం అన్నాడు. అది తప్పు, నిజానికది సిలికాన్ కార్బైడ్. అయినా పేరు నిలిచిపోయింది. మన దేశంలో 1954లో మద్రాసులో మురుగప్ప వాళ్ళు విదేశీ కంపెనీలతో కలిసి కార్బోరండం యూనివర్సల్ పెట్టారు. నాయన షాపులోని పచ్చచక్రం కూడా ఈ జాతిదే. గట్టిదనం కొలిచే మోస్ కొలబద్ద మీద వజ్రం 10, ఇది 9 పైన, మన గనుల స్ఫటికం 7, గట్టిపరిచిన ఉక్కు దానికి కొంచెం కింద. కడ్డీ మొనలు ఎందుకు మొక్కబోయేవో, వాటికి పదును పెట్టే రాయి ఎందుకు వేరే కావలసివచ్చిందో ఈ నాలుగు అంకెల్లో తెలిసిపోతుంది.

బ్యాంకులో నాకు తెలిసిన రాయి ఇంకొకటి. నగల మీద అప్పు ఇచ్చేముందు అప్రైజరు నగను నల్లని గీటురాయి మీద గీస్తాడు. ఆ గీత చూసి బంగారం మాటా, ఆ మనిషి అప్పు మాటా తేలుస్తాడు. బంగారం తవ్విన ఊళ్ళో మూడు తరాలుగా ఉన్నవాళ్ళు కుదువబెట్టడానికి తెచ్చే నగల బరువు చూస్తే కళ్ళు తిప్పుకోవలసి వస్తుంది. పోనీండి, అది ఇంకో వ్యాసం.

ఇక నా గురువులు. ఫోనులో ఎంతమంది! ఒక జపాను ముసలాయన ఉన్నాడు, ఒక్క మాట మాట్లాడడు, చెయ్యి మాత్రం కనిపిస్తుంది. ఒక అమెరికావాడు పది నిమిషాల పనికి నలభై నిమిషాలు మాట్లాడతాడు. తమిళంలో ఒక హోటలు వంటవాడు బాగానే చెబుతాడు గాని వెనక సినిమా సంగీతం పెడతాడు. ఆ సంగీతం ఎంత అన్యాయమో తరువాత తెలిసింది. నూరేటప్పుడు సగం విద్య చప్పుడులోనే ఉంది. వాదర రాతికి సరిగ్గా ఆనినప్పుడు ఒక చప్పుడు, వీపు ఎక్కువ లేస్తే గీరినట్టు ఇంకో చప్పుడు. వీడియోలో అదొక్కటీ వినబడనివ్వరు. ఇంకోటి, ఎంత ఒత్తాలో ఏ వీడియో చూపించలేదు. చూపించడానికి అది కంటికి కనిపించే వస్తువైతే గదా.

అందరూ చెప్పే మొదటి పాఠం కోణం. కత్తిని రాతికి ఎంత వాలుగా పట్టాలి? పలచని చాకుకు ఒక్కో పక్క 15 డిగ్రీలు, బరువు పనికి 20 పైన. 15 డిగ్రీలంటే ఎంతో నాకేం తెలుసు? మా అమ్మాయి ఇంజనీరింగు చదివింది. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు కత్తి అయితే వీపును పది మిల్లీమీటర్లు దాటి లేపితే 15, పద్నాలుగుకు కొంచెం తక్కువగా లేపితే 20 అని లెక్కకట్టి ఇచ్చింది. నేను రూపాయి బిళ్ళలు దొంతరగా పేర్చి, స్కేలుతో కొలిచి, కత్తి వీపు కింద పెట్టి చూసుకునేవాడిని. నాణేలకూ కత్తులకూ సంబంధం ఉంది లెండి. 2007లో మన రూపాయి బిళ్ళలను దొంగతనంగా బంగ్లాదేశ్‌కు తరలించి, కరిగించి, గడ్డం బ్లేడ్లు చేస్తున్నారని పత్రికల్లో వచ్చింది. బిళ్ళ విలువకన్నా అందులో లోహం విలువ ఎక్కువైపోయిన రోజులవి. అప్పుడు మా కౌంటర్లలో చిల్లర కోసం జనం కొట్లాడేవారు.

రెండో పాఠం స్కెచ్ పెన్ను. వాదర పొడుగునా నల్లరంగు పూసి, రాతి మీద రెండుసార్లు లాగి చూడాలి. రంగు ఎక్కడ పోయిందో అక్కడ రాయి తగులుతున్నట్టు, ఎక్కడ మిగిలిందో అక్కడ తగలనట్టు. ఇంత సులువైన ఆడిట్ నేను బ్యాంకులో చూడలేదు.

నీలం పోయేదాకా అరగదీయాలి. మెత్తబడ్డ ఉక్కు ఉన్నంతవరకూ ఎంత నూరినా నిలవదు. చక్రం మీద నిమిషంలో చేసిన తప్పును రాతి మీద దిద్దడానికి ఎన్ని ఆదివారాలు పట్టాయో లెక్కపెట్టలేదు. ఆగస్టులో మొదలైన ఒక వాన డిసెంబరులో ముసురై ముగిసేదాకా అనుకోండి.

మొదటి వారాల్లోనే ఒక సంగతి జరిగింది. అమెరికావాడు ఈ రకం రాయిని పొడిగా కూడా వాడవచ్చన్నాడు. నేను పొడిగానే నూరుతున్నాను. వరండాలో మంచం కిర్రుమన్నది. చూస్తే నాయన ఎడమకాలు నేలకు ఆనించి, మంచం పక్కనున్న మంచినీళ్ళ చెంబును పాదంతో నా వైపు నెడుతున్నాడు. దాహమేమోనని లేచి గ్లాసు అందించాను. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ చెంబును నెట్టాడు. నీళ్ళు ఒలికి గచ్చు మీద నా రాయిదాకా పారాయి. అప్పుడు ఎడమచేత్తో తన రొమ్ము మీద రెండుసార్లు కొట్టుకుని, గోడ మీద తాత ఫోటో వైపు చూపించాడు.

మా తాత రొమ్ము జబ్బుతో పోయాడు. మా లైన్లలో దాన్ని అందరూ దగ్గు అనేవారు. చివరి రెండేళ్ళు ఆయన పడుకుని నిద్రపోలేదు. దిండ్లు పేర్చుకుని కూర్చునే తెల్లవార్లూ ఊపిరి లాగేవాడు. స్ఫటికపు రాతిని పొడిగా తొలిచినప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడుతుంది. దాని పేరు సిలికోసిస్. మైసూరు సంస్థానం 1940లోనే కోలారు గనుల కోసం ఈ జబ్బుకు పరిహారమిచ్చే నియమాలు చేసింది. అంతకుముందూ, ఆ తరువాతా ఎందరు ఏ లెక్కకూ ఎక్కకుండా పోయారో ఎవరు చెప్పగలరు? దీనికి మందు లేదు. నివారణలో ముఖ్యమైనది నీళ్ళు. బోలుగా ఉన్న కడ్డీ లోపలినుంచి నీళ్ళు పంపి రాతిని తడిగా తొలిస్తే దుమ్ము బురదై కిందికి పారుతుంది.

తొలిచేవాడికే కాదు, నూరేవాడికీ ఇదే జబ్బు. ఇంగ్లండులో షెఫీల్డు ఊరు కత్తులకు పేరు. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ ఇసుకరాతి చక్రాల మీద పొడిగా ఫోర్కులు నూరేవాళ్ళు ముప్ఫైల్లోనే పోయేవారట. తడిగా కత్తులు నూరేవాళ్ళు వాళ్ళకన్నా ఎక్కువకాలం బతికేవారని అప్పటి వైద్యులే రాశారు. మన దేశంలో మందసౌర్‌లో పలక పుల్లలు కోసేవాళ్ళనూ, ఖంభాత్‌లో అకీకు పూసలు నూరేవాళ్ళనూ ఇదే దుమ్ము తిన్నది. పిల్లలు అక్షరాలు దిద్దుకోవడానికి తయారైన పుల్లలండీ అవి.

నేను రుద్దుతున్న రాయి ఇసుకరాయి కాదు, అందులో ఆ ప్రమాదం అంత లేదని నాయనకు చెప్పవచ్చు. చెప్పలేదు. ఆ రోజునుంచి చెంబు నీళ్ళు పక్కన పెట్టుకోకుండా రాయి ముట్టలేదు. అమెరికావాడి వీడియో మళ్ళీ చూడలేదు.

ఆ నీళ్ళ చెంబుతోనే మా ఇద్దరి మధ్య ఏదో మొదలైంది. నేను నూరుతుంటే ఆయన కళ్ళు మూసుకుని వింటాడు. చప్పుడు మారితే మంచం కోడును వేలితో కొడతాడు. టక్కుమంటే వీపు ఎక్కువ లేచిందని అర్థం. ఆ సంగతి పట్టుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. మొదట్లో చప్పుడుకు విసుక్కుంటున్నాడనుకుని ఆపేసేవాడిని. ఆపితే ఇంకా గట్టిగా కొట్టేవాడు.

నూరగా నూరగా ఒక పక్క వాదర పూర్తయితే, రెండో పక్కకి వెంట్రుకకన్నా సన్నగా లోహం మడిచినట్టు లేస్తుంది. వేలు అడ్డంగా, అంచు నుంచి బయటికి, జారిస్తే తగులుతుంది. అది పొడుగునా లేచిందంటే ఆ పక్క చాలు, కత్తి తిప్పాలి. చివర్లో దాన్నే చాలా తేలికగా తీసేయాలి. వీడియోలన్నీ దాన్ని బర్ అంటాయి. నేనూ నా భార్యతో "ఇంకా బర్ రాలేదు" అంటుంటే అమ్మ వంటింట్లోంచి, "ఏందిరా అది? ముల్లా? మీ నాయన ముల్లు లేచినాదా, ముల్లు ఇరిగినాదా అనేవాడు" అన్నది. వాదర అన్న మాట కూడా ఆమె దగ్గరే విన్నాను. అంతవరకూ నా నోటికి ఎడ్జ్ అనే వచ్చేది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం, బ్యాంకులో ఇంగ్లీషు అని చెప్పుకుని గర్వపడే మనం, ఇంట్లో ఉన్న తెలుగు ఏదో సరిగా చూసుకున్నామా? నాయన ముప్ఫై ఏడేళ్ళ పనికి సంబంధించిన మాటలు ఎన్ని ఉండాలి! ఆయన దగ్గర అడిగేందుకు లేదు. అమ్మకు గుర్తున్నవి ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఇప్పటికి పదకొండు మాటలయ్యాయి. కొన్ని తెలుగో తమిళమో ఇంగ్లీషు అరిగిపోయిందో చెప్పలేను. డ్రిల్లు కడ్డీని జంపరు అనేవాడట.

2024 వేసవికి నీలం పూర్తిగా పోయింది. కత్తి వెడల్పు కొంచెం తగ్గింది. జపాను ముసలాయన పద్ధతిలో 15 డిగ్రీలకు పదును పెట్టాను. కాగితాన్ని గాలిలో పట్టుకుని కోస్తే తెగింది. టమోటా బరువుకు టమోటాయే తెగింది. ఇంటిల్లిపాదికీ చూపించాను. నాయన మాత్రం చూసి పెదవి విరిచాడు. కారణం మరునాడు తెలిసింది. మూడో మామిడికాయ కొట్టేసరికి టెంక తగిలి వాదరలో మూడుచోట్ల పంటిగాట్లు పడ్డాయి. పలచని పదును చేపకు, టమోటాకు. టెంక కొట్టే కత్తికి వాదర వెనక కండ ఉండాలి. జపానులో ఆవకాయ పెట్టరు కాబోలు. ఆ ఏడూ కాయలు మార్కెట్లోనే కొట్టించాం.

మళ్ళీ గాట్లు పోయేదాకా నూరుడు. ఈసారి బిళ్ళల దొంతర పక్కన పెట్టాను. ఒక ఆదివారం నాయన మంచం పక్కనే, ఆయన చెయ్యి అందే చోట గోనెపట్టా వేసుకున్నాను. ఆయన కొంతసేపు చూసి, ముందుకు వంగి, ఎడమచెయ్యి చాచి నా కుడి మణికట్టు మీద పెట్టాడు. కొంచెం పైకి లేపాడు. అక్కడ ఆపి, నొక్కి పట్టుకున్నాడు. నేను లాగాను. చెయ్యి తీయలేదు. నాతోబాటే రాతి మీద ముందుకూ వెనక్కూ ఆయన చెయ్యి కూడా కదిలింది. పది సార్లో, పదిహేను సార్లో. తరువాత అలసిపోయి వెనక్కి వాలాడు. ఆయన నా చెయ్యి పట్టుకుని ఏదైనా నేర్పడం అదే మొదటిసారి. పలక మీద అక్షరాలు కూడా అమ్మే దిద్దించింది. ఆయనకు అక్షరాలు రావు.

తరువాత స్కేలు తీసుకుని ఆ కోణం కొలుద్దామనుకున్నాను. ఎందుకో కొలవలేదు.

మొన్న, 2025 మే నెలలో, శ్రీనివాసపురం కాయలు మళ్ళీ వచ్చాయి. తెల్లవారుజామునే కత్తి ఆఖరిసారి నూరి, ముల్లు విరిచి, పాత తోలు బెల్టు మీద నాలుగుసార్లు వెనక్కి లాగి తుడిచి నాయన చేతికిచ్చాను. ఆయన వాదరను ఎడమచేతి బొటనవేలి గోటి మీద ఆనించుకుని చూశాడు. జారితే మొక్కబోయినట్టు, కరుచుకుంటే పదును ఉన్నట్టు. మొన దగ్గర కరిచింది. మధ్యలో కరిచింది. మెల్లగా పిడిదాకా జరుపుకుంటూ వచ్చి, పిడికి అంగుళం ఇవతల ఆగాడు. అక్కడ జారింది. నా మొహం చూసి, ఆ అంగుళం మీద గోటితో రెండుసార్లు తట్టాడు.

పిడి దగ్గర రాయి సరిగా ఆనదని నాకు తెలుసు. వీడియోల్లో కూడా ఆ చోటు చాలామంది చూపించరు. రాయి కోసం లేచాను.

"ఆ అంగుళం మాపటికి చూసుకుందువులే. ముందు ఈ కాయలు కొట్టు, ఎండ ఎక్కతా ఉండాది" అన్నది అమ్మ, పీట నా ముందుకు జరుపుతూ.

మొదటి కాయ పీట మీద పెట్టాను. నాయన కళ్ళు మూసుకున్నాడు, చప్పుడు వినడానికి.